మార్చుకునే అక్షరం: నిల్వ తక్కువ, పూచీ ఎక్కువ

పొడి అక్షరం చెక్కిన ఉంగరాలకు, లాకెట్లకు తెలుగునాట గిరాకీ ఈనాటిది కాదు. రామనామం చెక్కిన ముద్రిక హనుమంతుని చేతికి వచ్చిన కథ తెలిసినవారికి నగ మీద పేరు అనేది కొత్త సంగతి అనిపించదు. ఇప్పుడు వర్తకులు ఆలోచించవలసినది అక్షరాన్ని తీసి మరొకటి తగిలించుకునే రకం గురించి. చట్రం ఒకటే ఉంటుంది. అందులో కూర్చే అక్షరం మాత్రం కొనుగోలుదారు కోరికను బట్టి మారుతుంది. పలక మీద అక్షరాన్ని చెరిపి మరొకటి రాసినట్లే. పలకల పరిశ్రమతో పేరు పొందిన మార్కాపురంలో ఇంతకంటే వేరే వివరణ అక్కరలేదు.

మేలిమి బంగారం 2025 ఏప్రిల్‌లో మొదటిసారి 10 గ్రాములకు లక్ష రూపాయలను తాకింది. ఆ స్థాయి ధరల్లో అల్మరాలో కదలకుండా పడివున్న ప్రతి గ్రామూ వర్తకునికి బరువే. మార్చుకునే అక్షరాల రకం ఆ బరువును మూడోవంతు కంటే తక్కువకు దించగలదు. అయితే దానితోపాటు నాణ్యత పూచీ అంతా వర్తకుని నెత్తిమీదకు వస్తుంది. ఈ రెండో సంగతిని పట్టించుకోకుండా సరుకు తెప్పించడం మంచిది కాదు.

నిలిచిపోయే సరుకు

అక్షరాన్ని టంకంతో అతికిన లాకెట్టుకు ఒక చిక్కు ఉన్నది. ‘ఎస్’ అక్షరం లాకెట్టు సుబ్బారావుకు తప్ప వెంకటేశ్వర్లుకు పనికిరాదు. గొలుసో, గాజులో అయితే ఇవాళ కాకున్నా రేపు ఎవరో ఒకరు కొంటారు. అక్షరం నగ మాత్రం ఆ అక్షరం గల మనిషి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. రాకపోతే కరిగించడం తప్ప మార్గం లేదు. అప్పుడు తరుగు పోతుంది, ఇచ్చిన మజూరీ పోతుంది.

అందువల్లనే పూర్వం నుంచీ పేరు ఉంగరాలు ఎక్కువగా పురమాయింపు మీదనే తయారయ్యేవి. బంగారం ఇచ్చి, అక్షరం చెప్పి, వారం ఆగి తీసుకునేవారు. 1963లో బంగారం అదుపు నిబంధనలు వచ్చి, 14 క్యారెట్లకు మించిన కొత్త నగల తయారీని నిషేధించినప్పుడు స్వర్ణకారుల చేతిపని ఎంత దెబ్బతిన్నదో పెద్దవారికి గుర్తుండే వుంటుంది. 1966లో ఆ క్యారెట్ల ఆంక్ష తొలగింది. 1968లో వచ్చిన బంగారం అదుపు చట్టం 1990 దాకా సాగి రద్దయింది. ఆ తరువాతనే సిద్ధంగా ఉన్న నగను చూసి కొనే అలవాటు చిన్న పట్టణాల్లోనూ బలపడింది. నేటి కొనుగోలుదారు వారం ఆగడానికి ఇష్టపడడు. ఆగని మనిషికి అక్షరం నగ అమ్మాలంటే అన్ని అక్షరాలూ దుకాణంలో ఉండాలి. పెట్టుబడి స్తంభించేది అక్కడే.

లెక్క ఏమి చెబుతున్నది

ఉదాహరణకు ఒక దుకాణం 3 డిజైన్లలో 26 ఇంగ్లీషు అక్షరాల లాకెట్లను ఒక్కొక్కటి చొప్పున ఉంచదలచినదనుకుందాం. మొత్తం 78 లాకెట్లు. ఒక్కొక్కటి 3 గ్రాములైతే 234 గ్రాముల సరుకు. 22 క్యారెట్ల నగ కాబట్టి అందులో మేలిమి 214 గ్రాములు. పది గ్రాములు లక్ష చొప్పున చూసినా 21 లక్షల 43 వేల రూపాయలు అల్మరాలో కూర్చున్నట్లే.

అదే దుకాణం మార్చుకునే రకం ఉంచితే 3 డిజైన్లలో నాలుగేసి చట్రాలు చాలు. 12 చట్రాలు, ఒక్కొక్కటి రెండున్నర గ్రాములు, మొత్తం 30 గ్రాములు. అక్షరాలు రెండేసి చొప్పున 52. ఒక్కొక్కటి ముప్పావు గ్రామైతే 39 గ్రాములు. రెండూ కలిపి 69 గ్రాములు. అందులో మేలిమి 63 గ్రాములు. అదే ధరకు 6 లక్షల 32 వేలు. అంటే 15 లక్షల పైచిలుకు వేరే సరుకులోకి మళ్ళించుకోవచ్చు. అప్పు తెచ్చి వ్యాపారం చేసేవారికి దాని మీద వడ్డీ కూడా మిగులుతుంది.

మరొక లాభం తిరిగి వచ్చే బేరం. బిడ్డ పుడితే ఒక అక్షరం, పెళ్ళయితే మరొక అక్షరం. చట్రం కొన్నవారు అక్షరం కోసం మళ్ళీ ఆ దుకాణానికే రావాలి. డెన్మార్కుకు చెందిన పండోరా సంస్థ 2000లో విడి పూసలు ఎక్కించుకునే కడియాన్ని మార్కెట్లోకి తెచ్చి ఇదే సూత్రం మీద ప్రపంచమంతటా విస్తరించింది. మన ప్రాంతంలోనూ రాళ్ళు మార్చుకునే కమ్మలు ఆడవారికి తెలిసినవే.

ఏ అక్షరాలు, ఎన్ని

అన్ని అక్షరాలనూ సమానంగా తెప్పించడం తప్పు. ఏ అక్షరం కదులుతుందో దుకాణంలోని పాత బిల్లు పుస్తకాలే చెబుతాయి. రెండు మూడేళ్ళ బిల్లుల్లోని పేర్లను మొదటి అక్షరం వారీగా లెక్కవేస్తే నిష్పత్తి తేలుతుంది. చెన్నకేశవస్వామి కొలువున్న మార్కాపురంలో ‘సి’ అక్షరానికి, శ్రీశైల మల్లన్న పేరు పెట్టుకునేవారి మూలంగా ‘ఎం’ అక్షరానికి ఇతర చోట్ల కంటే ఎక్కువ బేరం ఉండే అవకాశం ఉన్నది. తెలుగు పేర్లలో అరుదైన ‘ఎఫ్’, ‘జెడ్’ అక్షరాలు ముస్లిం కుటుంబాల కోసం తప్పక కావాలి. ‘ఎక్స్’ ఒక్కటి ఉన్నా ఎక్కువే.

తెలుగు అక్షరాలు అడిగేవారూ ఉంటారు. కానీ సిద్ధంగా ఉంచడం సాధ్యం కాదు. చెన్నకేశవులుకు ‘చె’ కావాలి, చంద్రయ్యకు ‘చం’, చిన్నమ్మకు ‘చి’. ఇంగ్లీషులో ముగ్గురికీ ఒక్క ‘సి’ సరిపోతుంది. తెలుగులో గుణింతం మొత్తం కావాలి. పైగా కొన్ని అక్షరాలకు తలకట్టో, కింది ఒత్తో విడిగా ఉండి, రేకు కోస్తే ఊడివస్తుంది. వాటిని బిళ్ళ మీద చెక్కించడమే మార్గం. కనుక తెలుగు అక్షరాలను పురమాయింపుకు వదిలి, చట్రం కొలతకు సరిపడే ఖాళీ బిళ్ళలు కొన్ని దగ్గర ఉంచుకోవడం మేలు.

తగిలించే తీరు

అక్షరాన్ని చట్రంలో నిలపడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. కొక్కెం, గాడి, మర. కొక్కెం చౌక. తీయడం, పెట్టడం తేలిక. కానీ నలుగురిలో తిరిగేటప్పుడు తగులుకుని ఊడిపోతుంది. గాడిలో జారవిడిచే రకం చూపుకు బాగుంటుంది. అయితే 22 క్యారెట్ల బంగారం మెత్తన. మాటిమాటికి మార్చేవారి దగ్గర గాడి అంచులు అరిగి, అక్షరం వదులవుతుంది. చెవి దిద్దుల సీల మాదిరి మర బిగించే రకం పని ఎక్కువ, మజూరీ ఎక్కువ, నమ్మకమూ ఎక్కువ.

ముప్పావు గ్రాము అక్షరం దారిలో పడిపోతే పై లెక్క ప్రకారం బంగారమే 6,870 రూపాయలు. ఆ బాధతో వచ్చిన కొనుగోలుదారు ‘మర సరిగా లేదు’ అనే అంటాడు. అందుచేత అమ్మేటప్పుడే ఎదుట బిగించి చూపించాలి. ఏడాదికొకసారి తెచ్చి చూపించుకోవలసిందిగా చెప్పాలి.

బిగింపు కోసం లోపల స్ప్రింగో, ఉక్కు ముక్కో పెడితే దాని బరువును బంగారంలో కలిపి కట్టరాదు. తాకట్టు పెట్టే చోట రాళ్ళ బరువు తీసివేసినట్లే దీన్నీ తీసివేస్తారు. అప్పుడు బయటపడే తేడా అమ్మిన దుకాణానికే మచ్చ.

అక్షరాల బరువులోనూ ఒక తిరకాసు ఉన్నది. రేకు కోసి చేసిన ‘ఐ’ సన్నగా, ‘డబ్ల్యు’ వెడల్పుగా ఉంటాయి. ఒకే మందం అయినా బరువు ఒకటి కాదు. ఒకే కొలత బిళ్ళ మీద అక్షరం చెక్కితే బరువులు దాదాపు సమానంగా వస్తాయి. మార్పిడి లెక్క తేలికవుతుంది. తెలుగు అక్షరాలకూ ఇదే పద్ధతి కాబట్టి, చిన్న దుకాణాలకు బిళ్ళ రకమే అనువైనది.

రెండు గ్రాముల గీత

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. బంగారు నగలకు హాల్‌మార్కు పద్ధతి 2000లో ప్రారంభమైంది. 2021 జూన్‌లో 256 జిల్లాల్లో దానిని తప్పనిసరి చేశారు. తరువాత దశలవారీగా మరిన్ని జిల్లాలకు విస్తరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అంకెలు, అక్షరాలు కలిసిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉన్న నగలనే హాల్‌మార్కు నగలుగా అమ్మాలన్న నిబంధన వచ్చింది. కానీ 2 గ్రాముల లోపు వస్తువుకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉన్నది. సాలుకు 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం గల వర్తకులకూ మినహాయింపు ఇచ్చారు. అయితే పది గ్రాములు లక్ష అయిన చోట 40 లక్షలంటే ఏడాదికి 400 గ్రాముల మేలిమి మాత్రమే.

ఇప్పుడు మన లాకెట్టును చూడండి. రెండున్నర గ్రాముల చట్రం మీద ముద్ర ఉంటుంది. ముప్పావు గ్రాము అక్షరం మీద ఉండనవసరం లేదు. కొన్నవాడు చట్రం మీది 916 అంకెను చూసి అక్షరమూ అంతేననుకుంటాడు. 18, 14 క్యారెట్ల నగలకూ హాల్‌మార్కు ఉన్నది. 2025 జూలైలో 9 క్యారెట్లనూ ఆ జాబితాలో చేర్చారు. తక్కువ క్యారెట్ల సరుకు అమ్మడం తప్పు కాదు. చెప్పకుండా అమ్మడమే తప్పు. 18 క్యారెట్ల అక్షరాన్ని 22 క్యారెట్ల లెక్కన కట్టితే ముప్పావు గ్రాము మీద తేడా 1,245 రూపాయలు. ఒక్క బేరంలో అది చిన్న మొత్తం. ఊరిలో మాట పోవడానికి మాత్రం అది చాలు.

వర్తకుడు తెలియక మోసపోయే అవకాశమూ ఉన్నది. చట్రం ఒకచోట, అక్షరాలు మరొకచోట కొంటే రెండింటి నాణ్యత ఒకటేనన్న హామీ లేదు. ప్రొద్దుటూరు నుంచి తెచ్చినా, నెల్లూరు నుంచి తెచ్చినా ఒక్కొక్క పోతలో నుంచి ఒకటి రెండు అక్షరాలు తీసి పరీక్ష చేయించి గాని మిగతావి అల్మరాలో పెట్టరాదు.

బిల్లులో ఉండవలసినవి

ముద్ర లేని చోట బిల్లే ముద్ర. చట్రం బరువు, దాని క్యారెట్లు, గుర్తింపు సంఖ్య ఒక వరుసలో రాయాలి. అక్షరం బరువు, క్యారెట్లు వేరే వరుసలో రాయాలి. బంగారం కాని ముక్కలుంటే వాటి బరువు విడిగా చూపాలి. మజూరీని చట్రానికి, అక్షరానికి వేరువేరుగా కట్టాలి. తరువాత అక్షరం ఒక్కటే అమ్మినా అదీ నగ అమ్మకమే. 3 శాతం జీఎస్టీతో బిల్లు ఇవ్వవలసిందే.

మార్పిడి షరతును మొదటి రోజే చెప్పాలి. పాత అక్షరం తెచ్చి కొత్తది తీసుకునేవారికి తరుగు పట్టడం న్యాయం కాదు. కరిగించే పని లేదు కదా. బరువు తేడాకు ఆనాటి ధర కట్టి, మార్చినందుకు నిర్ణీత రుసుము తీసుకుంటే ఇద్దరికీ మేలు. తిరిగి వచ్చిన అక్షరాన్ని మళ్ళీ తూచి, మెరుగుపెట్టి, వాడినదని చెప్పి అమ్మాలి. తూకంలో 10 మిల్లీగ్రాముల తేడా అంటే సుమారు 90 రూపాయలు. కనుక మిల్లీగ్రాము దాకా చూపే కాటా లేనివారు ఈ వ్యాపారానికి దిగరాదు.

ఈ ప్రాంతపు గిరాకీ

పశ్చిమ ప్రకాశం మెట్ట సీమ. మిర్చి, పత్తి, కంది చేతికి వచ్చి, డబ్బు కళ్ళజూసిన తరువాతనే నగల బేరాలు ఊపందుకుంటాయి. 1970లో కొత్త జిల్లాలో కలిసేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. రైలు మార్గం ఇటు గుంటూరును, అటు నంద్యాలను కలుపుతున్నది. కొనుగోలుదారు ఒక పూట ప్రయాణంతో పెద్ద దుకాణాలకు పోగలడు. అతనిని ఊరిలోనే నిలుపుకోవాలంటే ఎదుట చూపడానికి సరుకు ఉండాలి. పెద్ద పెట్టుబడి లేకుండా అన్ని అక్షరాలూ చూపగల వీలు చిన్న వర్తకునికి ఈ రకంలోనే ఉన్నది.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి గ్రామో, అరగ్రామో బంగారు రూపు కొనడం ఇక్కడి ఇళ్ళలో ఆనవాయితీ. ముప్పావు గ్రాము అక్షరం ఆ కొనుగోలు స్థాయికి సరిగా సరిపోతుంది. నామకరణాలు, మాఘ ఫాల్గుణాల పెళ్ళిళ్ళు దీనికి తోడు. బంగారం అందనివారికి అదే నమూనాను వెండిలో చేయించవచ్చు. మచిలీపట్నం కవరింగు సరుకు ఎటూ పోటీలో ఉంటుంది. దానితో ధరలో తూగలేం. నాణ్యత పూచీతోనే నిలవాలి.

తొలిసారిగా తెప్పించదలచినవారు ఒకే డిజైనులో నాలుగు చట్రాలు, బిల్లు పుస్తకం చెప్పిన పన్నెండు అక్షరాలు రెండేసి చొప్పున, కొన్ని ఖాళీ బిళ్ళలు తెచ్చి ఒక పెళ్ళిళ్ళ కాలం చూడటం మంచిది. ఎన్ని చట్రాలు అమ్ముడుపోయాయన్నది కాక, చట్రం కొన్నవారిలో ఎందరు రెండో అక్షరానికి తిరిగి వచ్చారన్నది లెక్కవేయాలి. అలా తిరిగి వచ్చేవారు ఉంటేనే రెండో డిజైనుకు పెట్టుబడి పెట్టవచ్చు.