ఆధారం చూపాలి

ఫస్టియర్ సెలవుల్లో తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరిచా. అంతా 2011 జనాభా లెక్కల అంకెలే. మా చెరువు కాకతీయుల కాలం నాటిదని ఓ వాక్యం చేర్చా. తాతయ్య చెప్పిన మాటే. మర్నాటికి దాని పక్కన 'ఆధారం చూపాలి' అని తగిలించారు. ఒళ్ళు మండింది. చర్చ పేజీలో గొడవపడ్డా కూడా. తాతగారు చెబితే చాలదు, చదివేవాళ్ళు సరిచూసుకునే వీలుండాలి అని ఒకాయన ఓపిగ్గా చెప్పారు.

2025 అక్టోబర్ 27న మస్క్ కంపెనీ ఎక్స్‌ఏఐ గ్రోకిపీడియాను వదిలింది. మొదటిరోజే ఇంగ్లిష్‌లో దాదాపు 8,85,000 వ్యాసాలు! 2003లో మొదలైన మన తెవికీకి లక్ష దాటడానికి ఇరవై ఏళ్ళ పైనే పట్టింది. అయితే గ్రోకిపీడియాలో మొదట్లో చాలా పేజీలు వికీపీడియా నుంచి తీసుకున్నవే, కొన్నిటి అడుగున ఆ మాట రాసే ఉండేది. లైసెన్స్ ప్రకారం అది తప్పేం కాదులెండి.

మూలాల లంకెలు అక్కడా ఉంటాయి. తేడా వేరే చోట ఉంది. వికీలో 'చరిత్ర' నొక్కితే ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో వరసగా కనిపిస్తుంది. నచ్చకపోతే మనమే దిద్దొచ్చు, దిద్దినవాళ్ళతో వాదించొచ్చు. గ్రోకిపీడియాలో సూచన పంపడం వరకే మన పని. ఉంచాలా వద్దా అన్నది గ్రోక్ తేలుస్తుంది. అంటే రాసిందీ అదే, తీర్పరీ అదే.

నా వాక్యం చివరికి తీసేశారు. జిల్లా శాసనాల సంపుటిలో మా ఊరి పేరుందేమో, ఈ సెలవుల్లో లైబ్రరీకెళ్ళి చూడాలి.