జ్వరం వస్తే బి.పి. బిళ్ళ మానవచ్చా?

జ్వరంతో వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "బి.పి. బిళ్ళ వేసుకుంటున్నారా?" చాలామంది, "నోరు చేదుగా ఉంటే నాలుగు రోజులుగా మానేశానండి సిస్టర్‌గారూ" అంటారు. జ్వరం కన్నా ఆ మాటే మాకు ఎక్కువ భయం.

ఏళ్ళ తరబడి బి.పి. ఎక్కువగా ఉంటే రక్తనాళాలు గట్టిపడతాయి, గుండె గోడ మందమవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వైరస్ జ్వరంలో గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. రక్తం కూడా తేలికగా గడ్డకడుతుంది. అసలే బరువు లాగుతున్న ఎద్దు బండిలో మరో బస్తా వేసినట్టే. ఫ్లూ అని తేలిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం సుమారు ఆరు రెట్లు ఉంటుందని 2018లో కెనడా పరిశోధకులు చూపించారు. అయితే బి.పి. ఉన్నవారిలో చాలామంది పెద్ద వయసువారు, షుగరు ఉన్నవారు కూడా. కాబట్టి తప్పంతా బి.పి.దే అనలేము.

2020లో కరోనా వచ్చినప్పుడు, కొన్ని బి.పి. మందుల వల్ల వైరస్ సులువుగా ఒంట్లోకి చొరబడుతుందన్న అనుమానం పాకింది. అది విని ఒక పెద్దాయన తనంతట తానే బిళ్ళ మానేశారు. కరోనా తేలికగానే తగ్గింది. కాని పదిరోజులకు మూతి వంకరపోయి, కుడిచెయ్యి లేవని స్థితిలో ఆయనను మా దగ్గరకు తెచ్చారు. బి.పి. 210/120. తర్వాత బ్రెజిల్‌లో ఆ మందులు వాడుతున్న 659 మంది కరోనా రోగులలో కొందరికి 30 రోజులు మందు ఆపి, కొందరికి కొనసాగించి చూశారు. ఆపడం వల్ల ఏ మేలూ లేదని 2021 జనవరిలో ప్రకటించారు. పెద్దాయన చెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఒక్క సందర్భం వేరు. వాంతులు, విరేచనాలు అయినా, లేవగానే కళ్ళు తిరిగినా, మూత్రం తగ్గినా బి.పి. పడిపోతూ ఉండవచ్చు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ఇది ఎక్కువ. అప్పుడు బిళ్ళ కొన్నాళ్ళు ఆపాలో తగ్గించాలో డాక్టరుగారు బి.పి. చూసి చెబుతారు. వెంటనే రండి.

ఒళ్ళునొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ అడిగి తెచ్చుకోకండి. అవి బి.పి.ని పెంచుతాయి, మూత్రపిండాలకు చెరుపు, డెంగీలో రక్తస్రావానికి దారి తీస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ముక్కుదిబ్బడ తగ్గించే జలుబు బిళ్ళల్లో కూడా కొన్ని బి.పి.ని పెంచుతాయి.

ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు కనిపిస్తే రాత్రయినా తెల్లవారేదాకా ఆగకండి. వచ్చేటప్పుడు పాత చీటీ దొరకకపోతే బిళ్ళల ఖాళీ అట్ట అయినా తెండి. "తెల్లటి చిన్న బిళ్ళ" అంటే మేమేమి పోల్చుకోగలం!