పద్నాలుగో అంతస్తు నుంచి నీళ్ళ సీసా

"నాన్నా, అర లీటరు వాటర్ బాటిల్ పద్నాలుగో ఫ్లోర్ నించి పడితే, కిందికొచ్చేసరికి ఎంత స్పీడుంటుంది?"

2023 మార్చిలో ఒక శనివారం రాత్రి, భోజనాల దగ్గర మా అబ్బాయి వేసిన ప్రశ్న ఇది. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి పరీక్షలు ఆ వారమే అయిపోయాయి. పరీక్షలయ్యాక కూడా ఫిజిక్సు గురించి ఆలోచిస్తున్నాడంటే తండ్రిగా నా ఛాతీ ఎంత పొంగిందో, ఇంజనీరింగు చదివిన తండ్రులందరికీ వేరే చెప్పనక్కరలేదు. ఎడమచేత్తో కాగితం లాక్కుని లెక్క మొదలుపెట్టాను. అంతస్తుకి మూడు మీటర్ల పైచిలుకు, మొత్తం 45 మీటర్లు అనుకుందాం. గాలి అడ్డు లేదనుకుంటే సెకనుకి దాదాపు 30 మీటర్లు, అంటే గంటకి 107 కిలోమీటర్లు. గాలి అడ్డుని లెక్కలోకి తీసుకున్నా తొంభైకి తగ్గదు. ఫాస్టు బౌలరు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్టు బంతికుండే శక్తికి ఇది సుమారు ఒకటిన్నర రెట్లు. కింద పడటానికి పట్టేది మూడు సెకన్లు. నేను ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను.

"మరి కారు టాప్ సొట్ట పడుతుందా?"

నేను "పడుతుంది మరి" అనబోతుండగా మా ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "ఎవరి కారురా?" అంది. మా ఇంట్లో ఇంజనీరు నేనే గానీ, విషయం ముందు అర్థమయ్యేది ఎప్పుడూ ఆవిడకే.

షార్జా అల్ నహదాలో మా బిల్డింగు. మేముండేది తొమ్మిదో అంతస్తు. పద్నాలుగులో వాడి స్నేహితుడి ఫ్లాటు. ఆ మధ్యాహ్నం ముగ్గురు పిల్లలు అక్కడ చేరారు. పెద్దవాళ్ళు లేరు. ముందు బెలూన్లలో నీళ్ళు నింపి బాల్కనీ నుంచి కింద పార్కింగులో వేశారు. ఒకడు వేయడం, ఒకడు ఫోనులో వీడియో తీయడం, మూడోవాడు నవ్వడం. బెలూన్లు అయిపోయాయి. చేతికందిన సీసా వేశారు. అది ఒక తెల్ల కారు టాపు మీద పడింది. ఆ కారు పక్కనే బకెట్టు పెట్టుకుని తుడుస్తున్నాడు మా బిల్డింగు వాచ్‌మన్. ఇక్కడ నాతూర్ అంటారు. జగిత్యాల వైపు మనిషి. సీసా ఒక గజం ఇటు పడి ఉంటే ఏమయ్యేదో పైన వేసిన లెక్కే చెబుతుంది.

ఇంకా ఉంది. ఆ కారాయన మూడో అంతస్తులో ఉండే ఈజిప్టు దేశస్థుడు. సాయంత్రం వచ్చి సొట్ట చూసుకుని, కారు కడిగింది నువ్వే కాబట్టి సొట్ట చేసిందీ నువ్వే అని నాతూర్ మీద పడ్డాడు. ఇదంతా మావాడు లిఫ్టు దగ్గర నిలబడి విన్నాడు. విని పైకొచ్చాడు. అన్నం తినలేక ఫిజిక్సు ప్రశ్న అడిగాడు.

మా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మేమేమీ బుద్ధిమంతులం కాదు. వినాయకచవితికి పల్లేరుకాయలు జేబులో పోసుకుని తిరిగిన బాపతే. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలొస్తాయని, ఆ దోషం పోవడానికి ఎవరింటి మీదో రాయి వేసి తిట్లు తినడం ఒక ఆచారంగా కూడా ఉండేది. అంటే అల్లరికి మనవాళ్ళు ఏడాదికో రోజు లైసెన్సు ఇచ్చారన్న మాట! అయితే పెంకుటింటి మీద రాయి పడితే, ఆ రాయి వేసింది ఫలానావారి రెండోవాడని వీధి మొత్తానికి తెలిసేది. మనం ఇంటికి చేరేలోపు కబురు ముందు చేరేది. వీధంతా కలిసి పిల్లల్ని పెంచేది. ఇక్కడ అల్లరి ఎత్తు పెరిగింది, చూసేవాళ్ళు తగ్గారు. నలభై ఐదు మీటర్ల ఎత్తు నుంచి చూస్తే కింద మనిషికి ముఖం ఉండదు. మేలో బయట ఆడుకోవడానికి ఎండ ఒప్పుకోదు, కారిడార్లో ఆడితే పక్కింటివాళ్ళు ఒప్పుకోరు. మిగిలింది బాల్కనీ, మెట్లు, ఫోను.

"మా వాడు ఒంటరిగా ఉంటే బంగారం, స్నేహితులతో చేరితేనే" అని ప్రతి తల్లీ అంటుంది. ఇన్నాళ్ళూ అది తప్పించుకునే మాట అనుకునేవాణ్ణి. అందులో కొంత నిజముందని తర్వాత తెలిసింది. అమెరికాలో టెంపుల్ యూనివర్శిటీకి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. 306 మందిని మూడు వయసుల గుంపులుగా విడదీసి, ప్రమాదం ఎంతవరకు కొని తెచ్చుకుంటారో చూడటానికి కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కనుంటే పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు రెట్టింపు తెగింపు చూపించారు. ఇరవై నాలుగు దాటినవాళ్ళలో పెద్ద తేడా లేదు. మెదడులో ముందుచూపుకి సంబంధించిన భాగం పూర్తిగా పక్వం కావడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్ళు పడుతుంది. మన పిల్లలకి ప్రమాదం తెలియక కాదు. ఎదుట స్నేహితుడు, వాడి చేతిలో కెమెరా ఉన్నప్పుడు, తెలిసింది పనికి రాదు. 2017లో అమెరికా ఓరెగన్ రాష్ట్రంలో ఒక పదిహేనేళ్ళ కుర్రాడు ఈగిల్ క్రీక్ లోయలోకి ఒక టపాకాయ విసిరాడు. అప్పుడూ ఒక స్నేహితుడు వీడియో తీస్తున్నాడు. దాదాపు 50,000 ఎకరాల అడవి తగలబడింది. 2018లో కోర్టు ఆ పిల్లాడు 3 కోట్ల 66 లక్షల డాలర్లు కట్టాలంది. అది జీవితంలో తీరే బాకీ కాదని జడ్జిగారికీ తెలుసు. వాయిదాల పద్ధతి పెట్టారు.

అమెరికాలోనే ఇంకొకటి. అది చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. 2020 జనవరిలో కాలిఫోర్నియా టెమెస్కల్ వ్యాలీలో కొందరు కుర్రాళ్ళు ఒక ఇంటి కాలింగ్ బెల్లు నొక్కి పారిపోయారు. మన బిల్డింగుల్లో పిల్లలు చేసే అల్లరే. ఆ ఇంటాయన, భారత సంతతివాడు, కారులో వాళ్ళను వెంటాడి వెనకనుంచి గుద్దాడు. పదహారేళ్ళవాళ్ళు ముగ్గురు చనిపోయారు. 2023లో ఆయనకి విడుదల అవకాశం లేని యావజ్జీవ శిక్ష పడింది. పిల్లల తల్లిదండ్రులుగానే కాదు, అలాంటి బెల్లు మోగినప్పుడు తలుపు తీసేది కూడా మనమే కాబట్టి చెబుతున్నాను.

సరే, ఇక్కడి చట్టం సంగతి. నేను లాయర్ని కాను, ఆ రాత్రి నిద్రపట్టక చదివినవీ, తర్వాత తెలిసినవీ చెబుతున్నాను. అప్పటికి అమల్లో ఉన్న ఈ దేశపు 1985 నాటి పౌర వ్యవహారాల చట్టంలోని సూత్రం ప్రకారం, నష్టం చేసినవాడు మంచీచెడ్డా తెలియని వయసువాడైనా ఆ నష్టం భర్తీ చేయవలసి ఉండేది. వాడిని కనిపెట్టుకుని ఉండవలసిన పెద్దవాళ్ళ చేత కట్టించే అధికారం కూడా జడ్జికి ఇచ్చింది. ప్రాణం పోతే దియా అనే పరిహారం వేరే. పొరపాటున జరిగిన మరణానికి దాన్ని 2003లో రెండు లక్షల దిర్హాములు చేశారు. బాల నేరస్థుల చట్టాన్ని 2022లో కొత్తగా రాశారు. అందులో నేర బాధ్యత పన్నెండేళ్ళ నుంచి మొదలవుతుంది. అంటే పదిహేనేళ్ళవాడు "చిన్నపిల్లాడు" కాదు. వాడిని పెద్దవాళ్ళతో కలిపి శిక్షించరు, అంతే. 2016లో వచ్చిన బాలల హక్కుల చట్టం (మొదట దీనికి తండ్రి చేతిలో చనిపోయిన వదీమా అనే పాప పేరు పెట్టారు) పిల్లల్ని నిర్లక్ష్యంగా వదిలేయడాన్ని నేరం చేసింది. ఇక పరాయి మనిషిని అతని అనుమతి లేకుండా వీడియో తీసి పంచుకుంటే 2021 నాటి సైబరు నేరాల చట్టం కింద కనీసం ఆరు నెలల జైలు, లేదా లక్షన్నర నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ. మావాళ్ళ వీడియోలో తడిసి తలెత్తి చూస్తున్న నాతూర్ ముఖం స్పష్టంగా ఉంది. సీసా కంటే అదే పెద్ద కేసు కావచ్చునని నాకప్పటిదాకా తట్టనే లేదు.

దీపావళికి దొంగచాటుగా టపాకాయలు తెప్పించేవాళ్ళకీ ఒక మాట. లైసెన్సు లేకుండా వాటిని అమ్మినా, దేశంలోకి తెచ్చినా 2019 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాములకు తగ్గని జరిమానా, రెండిట్లో ఏదైనా పడవచ్చు. అది ఆయుధాలూ పేలుడు పదార్థాల చట్టం. మనం మతాబా అనుకునేది వాళ్ళ కాగితాల్లో ఆ వరసలో ఉంటుంది.

మన దగ్గర మాత్రం తక్కువా? 2018లో హైదరాబాదులో మైనర్లకి బండి తాళాలిచ్చిన తల్లిదండ్రుల్ని కోర్టులు జైలుకి పంపాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, మైనరు బండితో నేరం చేస్తే తండ్రికి మూడేళ్ళ వరకు జైలు అన్నారు.

ఆ రాత్రి పదకొండింటికి నేను కిందికి దిగి నాతూర్ గదికి వెళ్ళాను. జరిగింది చెప్పి, పొద్దున్నే కారాయన దగ్గరికి వెళ్ళి ఒప్పుకుంటామన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దు సారూ. పోరగాండ్లు గద, ఏదో చేసిండ్రు. నేను కార్లు కడుగుతున్నట్టు కంపెనీకి ఎరుకైతే నా పని పోతది. సొట్ట పైసలు నేనే నెలకింత కట్టుకుంట."

నెలకి అతను ఇంటికి పంపేదెంతో నాకు సుమారుగా తెలుసు. మా పిల్లల మీద ప్రేమతో క్షమించాడని ఒక్క నిమిషం అనుకున్నాను, నాకు హాయిగా ఉంటుందని. తర్వాత అతని చేతులు వణుకుతున్నాయని గమనించాను.

మర్నాడు మావాణ్ణి తీసుకుని మూడో అంతస్తుకి వెళ్ళాను. మాట వాడే చెప్పాడు, అరబ్బీ ఇంగ్లీషు కలిపి. కడిగే సంగతి కంపెనీ దాకా పోనివ్వవద్దని నేను ప్రాధేయపడ్డాను. ఆయన చాలాసేపు అరిచాడు. తర్వాత ఒప్పుకున్నాడు. కానీ ఈ దేశంలో పోలీసు రిపోర్టు లేకుండా ఏ గ్యారేజీవాడూ సొట్ట తీయడు కదా, ముగ్గురం స్టేషనుకి వెళ్ళాం. ఆయన ఫిర్యాదు వద్దన్నాడు, నష్టం నేను కడతానన్నాను. అక్కడి ఆఫీసరు పిల్లవాడి వయసడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ టైములో మీరెక్కడున్నారు?" అన్నాడు.

నేను ఉగాది కార్యక్రమానికి కమిటీ మీటింగులో ఉన్నాను. అజెండాలో మొదటి అంశం, మన పిల్లలకి మన సంస్కృతి నేర్పడం ఎలా అని. ఆఫీసరుకి "పని మీద వెళ్ళాను" అని చెప్పాను.

మావాడికి శిక్షగా నెలరోజులు పార్కింగు ఊడవమందామని మా ఆవిడ అంటే, నాతూర్ మళ్ళీ వద్దన్నాడు. నా పని పిల్లలు చేస్తుంటే సూపర్‌వైజరు నన్నే అడుగుతాడు అన్నాడు. శిక్ష కూడా అతని నెత్తిమీదే పడుతుందని మాకు తోచలేదు. చివరికి మరమ్మతు ఖర్చులో మూడో వంతు వాడి పుట్టినరోజు డబ్బుల్లోంచి తీసుకున్నాం. వీడియో ముగ్గురి ఫోన్లలోంచీ మా ముందే తీసేయించాం. రెండో కుర్రాడి తండ్రి తన వంతు ఆ రోజే పంపారు. మూడో ఇంటివాళ్ళు "మావాడు అక్కడే లేడు, వీడియో ఉందా?" అన్నారు. లేదు, మేమే చెరిపించాం. ఆ వంతు కూడా నేనే కట్టాను. వాళ్ళు ఇప్పటికీ అదే బిల్డింగులో ఉన్నారు. లిఫ్టులో ఎదురైతే ఫోను చూసుకుంటారు. మావాడు మాత్రం వాళ్ళబ్బాయిని చూసి, "వీడియో తీసింది వాడే నాన్నా" అని తెలుగులో, వాళ్ళకి వినబడేలాగే అంటాడు.