ఉత్తర తెలంగాణలో పోలీసు తుపాకి: ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్‌ల తులనాత్మక పరిశీలన

1978లో జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అనంతర కాలపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సాయుధ ఘర్షణను అధ్యయనం చేసేవారు పోలీసు తుపాకి పదార్థం, వ్యయం, మ్యాగజైన్ పొంతనలను కూడా గమనించాలి.

ఇషాపూర్ కర్మాగారపు ఎస్.ఎల్.ఆర్. అర్ధస్వయంచాలకం, ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒకే తూటా పేలుతుంది. దానిది 7.62 మి.మీ. తూటా, 20 తూటాలు పట్టే ఉక్కు మ్యాగజైన్. తరువాత వచ్చిన ఇన్సాస్‌ది 5.56 మి.మీ. తేలిక తూటా, పాలిమర్ మ్యాగజైన్. ఇందులో మిగిలిన తూటాలు బయటికి కనిపిస్తాయి. అయితే 1999 కార్గిల్ చలిలో ఇది పగులుతోందన్న ఫిర్యాదులు వచ్చాయి.

ఒకదాని మ్యాగజైన్ మరొకదానికి అమరదు. కనుక తుపాకి మార్చడమంటే తూటాల నిల్వలనూ, మ్యాగజైన్లనూ, శిక్షణనూ మార్చడమే. అసలు వ్యయం అక్కడే ఉంది. దళాలు అపహరించిన తుపాకులకూ ఇదే నియమం వర్తిస్తుంది: సరిపడే తూటాలు అందనిదే అవి నిరుపయోగం. అందువల్ల ఈ ఘర్షణ చరిత్రను సిద్ధాంతాల దృష్టితోపాటు సరఫరా దృష్టితోనూ చదవవలసి ఉంది.