శాపం చాటున రాజు

గుణశేఖర్ ‘శాకుంతలం’ 2023 ఏప్రిల్‌లో త్రీడీ హంగులతో విడుదలైంది. గ్రాఫిక్స్ పేలవంగా ఉన్నాయన్నారు చాలామంది. అది చిన్న లోపం. ఏళ్ల తరబడి బడిలో శకుంతల కథ చెబుతున్న నన్ను నిరాశపరిచింది మరొకటి.

భారతం ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. కొడుకును వెంటబెట్టుకుని నిండు సభకు వచ్చిన శకుంతలను దుష్యంతుడు గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా ఎరగనన్నాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. సత్యమంటే ఏమిటో రాజుకే బోధించింది. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆ వాదానికి తెలుగులో అంత బలమూ ఇచ్చాడు. చివరకు ఆకాశవాణి పలికాకగాని రాజు ఒప్పుకోలేదు. లోకనిందకు భయపడ్డానన్నాడు.

కాళిదాసు దుర్వాసుని శాపం కల్పించాడు. దాంతో రాజు ఆడిన అబద్ధం మతిమరుపుగా మారింది. నాటక నాయకుడి మర్యాద దక్కింది. అయినా కాళిదాసు కళ్లు మూసుకోలేదు. శార్ఙ్గరవుడి చేత సభలోనే రాజును నిలదీయించాడు. ఉంగరం దొరికిన పాపానికి జాలరిని రాజభటులు కొట్టడమూ చూపించాడు.

నేటి చిత్రం కాళిదాసు శాపాన్ని మాత్రం పదిలంగా తీసుకుంది. అసురులతో యుద్ధాలకు విస్తారంగా చోటిచ్చింది. 1966లో ఎన్టీఆర్, సరోజాదేవి నటించిన ‘శకుంతల’ కూడా శాపం దారినే నడిచింది. ఇన్నేళ్ల తర్వాతనైనా ఆదిపర్వం వైపు చూడవచ్చు కదా!

పెళ్లాడి, కాదన్న మగవాడిపై బిడ్డ హక్కు కోసం స్త్రీలు నేటికీ కోర్టు మెట్లెక్కుతున్నారు. వారికి కావలసిన శకుంతల నన్నయలో ఉంది. తెరమీదికి రావలసింది ఆమె.