టీమ్ షీట్ చూసి రగ్బీ మ్యాచ్ ఎలా ఆడతారో చెప్పొచ్చా?

పోయిన ఎపిసోడ్‌లో రగ్బీ గురించి మాట్లాడుకున్నాం కదా. ఆడియోలో జెర్సీ నంబర్లు వరసగా చదివితే ఎవరికీ తలకెక్కవు, అందుకే ఆ భాగం ఇక్కడ రాసి పెడుతున్నా.

గల్ఫ్‌లో సైట్ల మీద సౌతాఫ్రికా వాళ్ళు, ఇంగ్లండ్ వాళ్ళు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. పెద్ద మ్యాచ్ వస్తోందంటే రెండు రోజుల ముందు నుంచే "బెంచ్ ఎలా పెట్టారు, పదో నంబర్ ఎవరు" అని ఒకటే చర్చ. ఆ మాటలు పక్కనుంచి విని క్యాంపులో మనవాళ్ళు కొందరు ఫోన్‌లో యాప్ తెరిచి గెలుపు మీద డబ్బు పెడుతున్నారు, ఇంటికి పంపాల్సిన డబ్బు. వాళ్ళు మాట్లాడుకునేది ఆట తీరు గురించి. మనవాడు పందెం కాసేది ఫలితం మీద. షీట్ చదివితే మొదటిది చాలావరకు తెలుస్తుంది, రెండోది తెలియదు. ఎందుకో 2023 ప్రపంచ కప్ ఫైనల్ పెట్టి చూపిస్తా: అక్టోబర్ 28, పారిస్ పక్కన స్టాడ్ ద ఫ్రాన్స్, సౌతాఫ్రికా, న్యూజిలాండ్. దుబాయ్ టైమ్‌కి రాత్రి 11 గంటలకు మొదలైంది.

ముందు అవసరమైనంత వరకే రూల్స్. జట్టుకి 15 మంది, 80 నిమిషాల ఆట. 1 నుంచి 8 నంబర్ల వాళ్ళు ఫార్వర్డ్స్, అంటే బరువున్నవాళ్ళు, తోసేవాళ్ళు. 9 నుంచి 15 బ్యాక్స్, పరిగెత్తేవాళ్ళు, తన్నేవాళ్ళు. బంతి చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. గీత దాటి బంతి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. దాని మీద గోల్‌కి తన్నితే ఇంకో 2. అవతలివాడు తప్పు చేస్తే పెనాల్టీ, గోల్‌కి తన్నితే 3. 16 నుంచి 23 దాకా బెంచ్, ఎనిమిది మంది.

షీట్ రాగానే నేను చూసేది ఆ బెంచే. మామూలుగా అయిదుగురు ఫార్వర్డ్స్, ముగ్గురు బ్యాక్స్ ఉంటారు. ఫైనల్‌కి న్యూజిలాండ్ అలాగే పెట్టింది. సౌతాఫ్రికా మాత్రం ఏడుగురు ఫార్వర్డ్స్‌ని పెట్టి ఒకే ఒక్క బ్యాక్‌ని కూర్చోబెట్టింది, విల్లీ లె రూ.

దీని అర్థం సైట్‌లో పనిచేసేవాళ్ళకి తొందరగా పడుతుంది. రాత్రంతా ఆగకుండా కాంక్రీట్ పోయాలంటే రెండో గ్యాంగ్‌ని సిద్ధంగా ఉంచుకుంటాం. మొదటి గ్యాంగ్ చేతులు పడిపోయే టైమ్‌కి వాళ్ళని దించుతాం. ఇదీ అంతే. ఫార్వర్డ్స్ పనిలో ఒళ్ళు హూనమవుతుంది. ఎనిమిది మంది అవతలి ఎనిమిది మందితో తలలు ఆనించి తోసుకునే స్క్రమ్, ఒకరిని ఎత్తి బంతి అందుకునే లైనవుట్, కింద పడ్డవాడి మీద కుమ్ములాట, అన్నీ వాళ్ళవే. రెండో సగంలో ఏడుగురు తాజా మనుషులు దిగితే అలసినవాళ్ళు వెనక్కి జరుగుతారు, తప్పులు చేస్తారు, పెనాల్టీలు వస్తాయి. కాబట్టి 7-1 చూడగానే చెప్పొచ్చు: సౌతాఫ్రికా పాస్‌ల ఆట ఆడదు, తోపులాట ఆడుతుంది, పెనాల్టీల కోసం చూస్తుంది.

దాని ఖరీదు కూడా షీట్‌లోనే కనిపిస్తుంది. స్క్రమ్ నుంచి బంతి తీసి ఇచ్చే 9వ నంబర్‌కి స్పెషలిస్ట్ బదులు బెంచ్ మీద లేడు. ఫాఫ్ డి క్లెర్క్‌కి దెబ్బ తగిలితే ఆ పని వేరే చోట ఆడేవాడు చెయ్యాల్సిందే.

తర్వాత చూడాల్సింది 10. జట్టుని నడిపేది వాడే. క్వార్టర్ ఫైనల్‌లో, సెమీఫైనల్‌లో సౌతాఫ్రికా మానీ లిబాక్‌తో మొదలుపెట్టింది. చేతిలో చమత్కారం ఉన్నవాడు, కానీ గోల్‌కి తన్నడంలో నమ్మకం తక్కువ. ఇంగ్లండ్‌తో సెమీస్‌లో అరగంటకే అతన్ని తీసేసి హాండ్రే పొలార్డ్‌ని దించారు. చివర్లో దూరం నుంచి పెనాల్టీ కొట్టి 16-15తో గెలిపించింది పొలార్డే. ఫైనల్‌కి 10 నంబర్ జెర్సీ అతనికే ఇచ్చారు. బెంచ్‌తో కలిపి చదివితే ప్లాన్ పూర్తిగా బయటపడుతుంది: ఫార్వర్డ్స్ పెనాల్టీ సంపాదించాలి, పొలార్డ్ దాన్ని 3 పాయింట్లు చెయ్యాలి.

న్యూజిలాండ్ వైపు 10లో రిచీ మోఉంగా, 15లో బోడెన్ బారెట్, అంటే ఆట నడపగలిగినవాళ్ళు ఇద్దరు. వింగ్‌లో విల్ జోర్డన్, ఆ టోర్నీలో 8 ట్రైలు కొట్టినవాడు. వాళ్ళు బంతిని వెడల్పుగా తిప్పి, బరువైనవాళ్ళని పరిగెత్తించి అలసగొట్టాలని చూస్తారు. వాన ఉంటే మాత్రం ఆ పని కష్టం, తడి బంతి చేతిలో నిలవదు. ఆ రాత్రి వాన పడింది.

ఇంతవరకు షీట్ చెప్పింది. ఇక జరిగింది చూడండి.

మూడో నిమిషానికే సౌతాఫ్రికా హుకర్ బొంగి ఎంబోనాంబి మోకాలి దెబ్బతో బయటికి పోయాడు. హుకర్ అంటే 2వ నంబర్, లైనవుట్‌లో బంతి విసిరేవాడు. ఇంకో హుకర్ మాల్కమ్ మార్క్స్ టోర్నీ మధ్యలోనే గాయపడి వెళ్ళిపోయాడు, అతని చోట పిలిచింది ఎవర్నంటే ఈ పొలార్డ్‌నే! హుకర్ పోతే 10వ నంబర్‌ని తెచ్చుకున్నారు. అందుకని దాదాపు మ్యాచ్ అంతా హుకర్‌గా 37 ఏళ్ళ డియోన్ ఫౌరీ లాగాల్సి వచ్చింది. లైనవుట్‌లో సౌతాఫ్రికా ఇబ్బంది పడింది.

మొదటి సగంలోనే న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్‌కి రెడ్ కార్డు. మగవాళ్ళ ప్రపంచ కప్ ఫైనల్‌లో రెడ్ కార్డు అదే మొదటిది. సగం ఆటకి 12-6. పొలార్డ్ నాలుగు పెనాల్టీలు, షీట్ చెప్పినట్టే.

అవతల 14 మంది, ఇవతల బెంచ్ నిండా ఫార్వర్డ్స్. రెండో సగం సౌతాఫ్రికాదే అనుకుంటాం కదా? రెండో సగంలో వాళ్ళకి ఒక్క పాయింట్ రాలేదు. న్యూజిలాండే బారెట్‌తో ట్రై కొట్టి 12-11కి వచ్చింది. ఆ ట్రై మీద మోఉంగా తన్నినది తప్పింది. చివర్లో జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన పెనాల్టీ కూడా పక్కకి పోయింది. ఆ రెంటిలో ఏ ఒక్కటి లోపలికి పోయినా కప్పు న్యూజిలాండ్‌దే కావచ్చు. సౌతాఫ్రికా నిలబడింది అడ్డుకోవడం వల్ల. పీటర్ స్టెఫ్ డు టాయ్ ఒక్కడే 28 టాకిల్స్ చేశాడు.

పందెం కాసేవాళ్ళు ఇంకో లెక్క చూడండి. ఆ ఏడాది ఆగస్టులో లండన్‌లో ఇదే 7-1తో సౌతాఫ్రికా ఇదే న్యూజిలాండ్‌ని 35-7తో చితక్కొట్టింది. సెప్టెంబర్‌లో ఐర్లండ్ మీద మళ్ళీ 7-1 పెట్టి 13-8తో ఓడిపోయింది, ఆరోజు గోల్‌కి తన్నినవి చాలా పోయాయి. నాకౌట్‌లో మూడు మ్యాచ్‌లూ ఒక్క పాయింట్‌తో బయటపడింది: 29-28, 16-15, 12-11. సైట్‌లో "నేను ముందే చెప్పా" అనే సౌతాఫ్రికా పెద్దమనిషిని ఈ మూడు స్కోర్లు ముందే చెప్పావా అని అడగండి, నవ్వేస్తాడు.

వచ్చే ప్రపంచ కప్ 2027లో ఆస్ట్రేలియాలో, 24 జట్లు. అక్కడ సాయంత్రం అంటే మనకి పట్టపగలు, డ్యూటీలో ఉంటాం. అందుకని నేను షీట్ రాగానే ఒక కాగితం మీద మూడు లైన్లు రాసుకుంటా: బెంచ్ ఎంతకి ఎంత, 10 ఎవరు, వాన ఉందా. దాన్ని బట్టి ఎవరు తన్నుతారో, ఎవరు పరిగెడతారో రాసి జేబులో పెట్టుకుంటా. రూమ్‌కి వచ్చి హైలైట్స్ చూస్తూ టిక్కులు కొట్టుకుంటా. ఎవరు గెలుస్తారన్న గడి ఆ కాగితంలో పెట్టుకోలేదు.