దూరం చెప్పే దుర్భిణి

అమెరికాలోని కొలరాడో, వ్యోమింగ్, మోంటానా రాష్ట్రాలలో శరత్కాలం వచ్చిందంటే ఎల్క్ అనే భారీ దుప్పులకు, పెద్ద చెవులుండే మ్యూల్ డీర్ జింకలకు, మైదానాల్లో మేసే ప్రాంగ్‌హార్న్‌లకు వేట అనుమతులు అమల్లోకి వస్తాయి. లైసెన్సు చేతబట్టుకొని ఆ కొండల్లోకి వెళ్ళే వేటగాడు తుపాకి పేల్చేది ఒక్క క్షణమే గాని, ఎదుటి వాలును, లోయను, చెట్ల అంచును గాలించడంలోనే అతనికి రోజంతా గడిచిపోతుంది. అందువల్ల అతని సామగ్రిలో అన్నిటికంటే ఎక్కువ సేపు పనిచేసేది మెడలో వేలాడే బైనాక్యులర్లే. దూరాన ఉన్న జంతువును దగ్గరగా చూపడంతోపాటు, అది ఎంత దూరంలో ఉందో లేజర్‌తో కొలిచి కళ్ళ ముందే అంకెల్లో చూపే రేంజ్‌ఫైండర్ బైనాక్యులర్లు గత మూడు దశాబ్దాలలో ఈ రంగంలో స్థిరపడ్డాయి. మేలైన యూరప్ తయారీకి మూడు వేల డాలర్లకు పైగా వెచ్చించవలసి వస్తుంది గనుక, ఆ సొమ్ములో ఎంత గాజుకు, ఎంత లేజర్‌కు, ఎంత ప్రచారానికి పోతున్నదో తెలుసుకొని కొనడం అవసరం.

కొలత వెనుక చరిత్ర

దూరాన్ని కంటితో అంచనా వేయడంలో మనిషి తరచుగా పొరబడతాడు. నిర్మలమైన పర్వత వాతావరణంలోనూ, మంచు కప్పిన వాలు మీదా, లోయకు ఆవలి ఒడ్డునా ఉన్న వస్తువు అసలు దూరం కంటే దగ్గరగా కనిపిస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 1888 నుంచి బ్రిటన్‌లో ఆర్కిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్ అనే ఇద్దరు ఆచార్యులు రూపొందించిన దూరమాపకాలు రెండు గవాక్షాల మధ్య దూరాన్ని ఆధారంగా చేసుకొని, రెండు ప్రతిబింబాలను కలపడం ద్వారా దూరాన్ని గణించేవి. ఖచ్చితత్వం కావాలంటే ఆ గవాక్షాల మధ్య ఎడం పెరగాలి కాబట్టి అవి యుద్ధనౌకలకు పనికివచ్చినంతగా మనిషి మెడకు పనికిరాలేదు. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించిన తరువాత ఆ ఎడంతో పనిలేని కొత్త పద్ధతి సాధ్యమైంది. జర్మనీలోని వెట్జ్‌లర్‌కు చెందిన లైకా సంస్థ 1992లో జియోవిడ్ పేరుతో లేజర్ దూరమాపకం ఇమిడిన బైనాక్యులర్లను పౌర విపణిలోకి తెచ్చింది. అదే రంగంలోకి జైస్ సంస్థ ప్రవేశించగా, ఆస్ట్రియాలో టిరోల్ ప్రాంతపు ఆబ్సామ్‌లో ఉన్న స్వరోవ్‌స్కీ ఆప్టిక్ 2011లో ఈఎల్ రేంజ్‌ను విడుదల చేసింది. అమెరికాకు చెందిన వోర్టెక్స్, సిగ్ సావర్ వంటి సంస్థలు ఈ యూరప్ సంస్థల కంటే తక్కువ ధరలో ఇదే సౌకర్యాన్ని అందిస్తున్నాయి.

గాజుకే తొలి తాంబూలం

జంతువు కనిపించని చోట దాని దూరంతో పనిలేదు. అందుచేత లేజర్ ఎంత దూరం కొలుస్తుందన్న ప్రశ్నకు ముందు గాజు ఎంత స్పష్టంగా చూపుతుందన్న ప్రశ్న రావాలి. బైనాక్యులర్ల మీద 10×42 అని ఉంటే, మొదటి అంకె ప్రతిబింబం ఎన్ని రెట్లు పెద్దదవుతుందో చెప్పే ఆవర్ధనం, రెండవది ముందువైపు ఉండే వస్తుకటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండవ దానిని మొదటి దానితో భాగిస్తే కంటిలోకి చేరే కాంతిపుంజం వ్యాసం వస్తుంది. దీనినే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 10×42లో ఇది 4.2 మిల్లీమీటర్లు కాగా 8×54లో 6.75 మిల్లీమీటర్లు. యువకుల కనుపాప చీకటిలో దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది గాని, వయసు పైబడిన కొద్దీ అది 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు; అటువంటప్పుడు పెద్ద కటకం తెచ్చే అదనపు కాంతిలో కొంత కంటి బయటే వృథా అవుతుంది. కాబట్టి ఈ ఎంపికలో కొనేవారి వయసుకు కూడా పాత్ర ఉంది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో పెద్ద జంతువుల వేటకు సాధారణంగా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయానికి అరగంట తరువాతి వరకే అనుమతి ఉంటుంది. జంతువులు మేతకు బయటికి వచ్చేదీ ఆ మసక వెలుతురులోనే. జర్మనీ, ఆస్ట్రియాలలో అడవిపందుల కోసం వెన్నెల రాత్రుల్లోనూ కాపుకాసే సంప్రదాయం ఉంది గనుక అక్కడ 54, 56 మిల్లీమీటర్ల కటకాలకు ఆదరణ ఎక్కువ. రోజంతా కొండలెక్కే అమెరికన్ వేటగాడికి బరువు, వెలుతురు రెంటికీ మధ్యస్థంగా 42 సరిపోతుంది. ఆవర్ధనం విషయంలోనూ ఇటువంటి సర్దుబాటే అవసరం: 10 రెట్లలో కొమ్ముల వివరం బాగా తెలుస్తుంది గాని చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, చూపు మేర తగ్గుతుంది. జైస్ విక్టరీ ఆర్‌ఎఫ్‌లో వెయ్యి మీటర్ల దూరాన 8×42 నమూనా 135 మీటర్ల వెడల్పును చూపితే, 10×42 చూపేది 115 మీటర్లే. విశాలమైన మైదానాలలో ట్రైపాడ్ మీద పెట్టి గాలించేవారికి 10, దట్టమైన అడవిలో నడుస్తూ చూసేవారికి 8 మేలు.

కటకాల నడుమ ఉండే పట్టకాలు తలకిందులైన ప్రతిబింబాన్ని నిలబెడతాయి. జైస్ వాడే అబ్బే-కోనిగ్ పట్టకంలో కాంతి పూర్తిగా సంపూర్ణాంతర పరావర్తనం మీదే, అంటే అద్దపు పూత అవసరం లేకుండా గాజు అంచు నుంచే, వెనుదిరుగుతుంది కాబట్టి నష్టం తక్కువ. లేజర్‌ను మళ్ళించడానికీ, అంకెలను చూపడానికీ లోపల వేసే ప్రత్యేక పూత వల్ల కొంత కాంతి తగ్గుతుంది, కొన్ని నమూనాలలో స్వల్పంగా రంగుఛాయ కూడా తోస్తుంది. ఒకే ధరలో మామూలు బైనాక్యులర్లు ఈ జంట పరికరం కంటే ఒక మెట్టు స్పష్టంగా చూపడానికి ఇది ఒక కారణం.

లేజర్ చెప్పే అంకె

మీట నొక్కగానే పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతి స్పందనలను, చాలా నమూనాలలో 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో, పంపి, అవి జంతువును తాకి వెనక్కి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. 400 మీటర్ల దూరానికి పోయిరావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షల వంతులు మూడింటికంటే తక్కువ. ఒక్క మీటరు తేడాను గుర్తించాలంటే సెకనులో వంద కోట్ల వంతులు ఏడింటిలోపు కాలాన్ని పసిగట్టాలి. పెట్టె మీద రాసే గరిష్ఠ దూరం కాంతిని బాగా తిప్పికొట్టే ఫలకానికి వర్తించేదే తప్ప బొచ్చుతో కాంతిని మింగే జింకకు వర్తించదు. తయారీదారులు జింకకు విడిగా ఇచ్చే అంకె ఎంతో తక్కువగా ఉంటుంది, మంచు, పొగమంచు, వాన ఉన్నప్పుడు అది మరింత తగ్గుతుంది.

గరిష్ఠ దూరం కంటే ముఖ్యమైనది కాంతిపుంజం ఎంత సన్నగా ఉందన్నది. దీనిని మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ అంటే వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు వెడల్పు. పుంజం వెడల్పైతే జంతువుకు ముందున్న గడ్డిపరకో వెనుకనున్న బండరాయో కొలతలోకి వచ్చి తప్పుడు అంకెను చూపుతుంది. కదిలే జంతువును వెంబడిస్తూ వరుసగా కొలిచే స్కాన్ పద్ధతి, మసకలో కంటిని మిరుమిట్లు గొలపకుండా అంకెల వెలుగును తగ్గించే ఏర్పాటు ఉన్నాయో లేదో చూడాలి. అమెరికాలో గజాలు, యూరప్‌లో మీటర్లు వాడుక గనుక పరికరం ఏ ప్రమాణంలో ఉందో సరిచూసుకోవడం తప్పనిసరి. 400 గజాలంటే 366 మీటర్లే.

వాలు, గాలి, లెక్క

తూటా గొట్టం వదిలిన క్షణం నుంచే భూమ్యాకర్షణకు లోబడి కిందికి జారుతుంది. అర సెకనులో దాదాపు 1.2 మీటర్లు, 0.6 సెకన్లలో 1.76 మీటర్లు. సాధారణ వేట తుపాకి తూటా ఈ రెండు క్షణాల మధ్య దాటేది సుమారు 60 మీటర్లే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు మేర కాబట్టి, దూరాన్ని 60 మీటర్లు తప్పుగా ఊహించినవాడి తూటా ఆ జంతువును చంపకుండా గాయపరచే ప్రమాదం ఉంది. కొండవాలు మీద ఈ లెక్క మరొక మలుపు తిరుగుతుంది: తూటా పతనాన్ని ప్రధానంగా నిర్ణయించేది అడ్డంగా కొలిచే దూరం గనుక, 30 డిగ్రీల వాలులో 400 మీటర్ల దూరాన ఉన్న జంతువును దాదాపు 346 మీటర్లలో ఉన్నట్టు భావించాలి. వాలును తానే కొలిచి సవరించిన దూరాన్ని చూపే సౌకర్యం పర్వత ప్రాంతాలలో నిజంగా పనికొస్తుంది.

ఆ పై మెట్టులో తూటా వివరాలు, ఉష్ణోగ్రత, వాయుపీడనం కలిపి ఎంత ఎత్తుకు గురిపెట్టాలో చెప్పే బాలిస్టిక్ గణన ఉంటుంది. ఖరీదైన నమూనాలు ఫోన్‌తో అనుసంధానమై ఈ పని చేస్తాయి. అయితే తూటా దారి పొడవునా మారే గాలి వేగాన్ని ఈ బైనాక్యులర్లు కొలవలేవు, దూరం పెరిగే కొద్దీ పెరిగే గురి లోపాల్లో పెద్దది గాలి వల్ల కలిగేదే. ఐడహో వంటి రాష్ట్రాలు తుపాకికి అమర్చే ఎలక్ట్రానిక్ పరికరాలపై ఆంక్షలు పెట్టాయి గనుక దూరమాపకం చేతిలో ఉండడం చట్టరీత్యా సురక్షితమే అయినా, ఏ రాష్ట్రంలో వేటాడితే ఆ రాష్ట్ర నిబంధనలను ఆ ఏడాదికి చదువుకోవాలి.

కొనే ముందు

దుకాణం లోపలి దీపాల వెలుగులో అన్ని గాజులూ బాగానే కనిపిస్తాయి. సాయంత్రం బయటికి తీసుకువెళ్ళి చెట్టు నీడలోని కొమ్మలను, ఆకాశానికి ఎదురుగా ఉన్న గోడ అంచును చూస్తే కాంతి, రంగుల అంచు దోషం బయటపడతాయి. ముందు అంకెలు స్పష్టంగా కనిపించేలా ఒక కంటిని, తరువాత దృశ్యం సరిపోయేలా రెండవ కంటిని సర్దుకోవాలి. కళ్ళజోడు పెట్టుకునేవారు అంచుల వరకు దృశ్యం కనిపిస్తున్నదో లేదో సరిచూడాలి. సుమారు కిలో బరువు మెడ మీద రోజంతా ఉంటుంది గనుక బరువును భుజాలకు పంచే పట్టీ అవసరం. చలికి బ్యాటరీ శక్తి క్షీణిస్తుంది కాబట్టి అదనపు లిథియం బ్యాటరీ జేబులో ఉండాలి.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ వేట లైసెన్సులకు ముగింపు పలికాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడవుల్లో వినోదం కోసం వేటాడడం నేరమే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి అక్కడి చట్టం వర్తిస్తుంది గాని, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుందనీ, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో ఒకటనీ తెలుసుకొన్న తరువాతే అడుగు వేయాలి.

1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఉండాలన్న సూత్రాన్ని ప్రచారం చేస్తూ, దూరం నుంచి కాల్చడమే గొప్పగా భావించే ధోరణిని వ్యతిరేకిస్తుంది. ఆ సూత్రానికి ఈ పరికరం గట్టి తోడు కాగలదు: అంకె ముందుంటే, తన సామర్థ్యానికి మించిన దూరంలో ఉన్న జంతువు మీదికి ఊహతో తూటా వదిలే సాకు వేటగాడికి మిగలదు. కాబట్టి కొనేవారు డబ్బును మొదట గాజు మీద, తరువాత సన్నని పుంజం, వాలు సవరణ మీద, మిగిలితేనే గణనల మీద ఖర్చు చేయాలి. సాధన మైదానంలో తమ హద్దు ఎంతో ముందే తేల్చుకొని, అంకె ఆ హద్దు దాటినప్పుడు తుపాకి దించాలి.